సేత్వారు లెక్కయు, యంత్రపు వేగమును

2020 అక్టోబరు 29న తెలంగాణ భూరికార్డుల ధరణి పోర్టలు ఆరంభమైనప్పుడు ప్రభుత్వము అన్నిటికంటె మిన్నగా చాటిన గుణము వేగము. రిజిస్ట్రేషను ముగిసిన క్షణముననే పేరుమార్పిడియు జరిగి, రైతు తహసీలు కచేరీ మెట్లు మరల ఎక్కనక్కరలేకుండుట సామాన్యమైన మేలు కాదు. కాని అటుపిమ్మట మన నిజామాబాదు జిల్లా బోధను మొదలుకొని రాష్ట్రమంతట వినవచ్చిన మొర ఆలస్యమును గూర్చినది కాదు. విస్తీర్ణము తగ్గినదనియు, సర్వే నంబరు గల్లంతైనదనియు, పట్టా భూమి రిజిస్ట్రేషను నిషేధిత జాబితాకెక్కినదనియు ప్రజలు వాపోయిరి.

ఉదాహరణకు, ఒక సర్వే నంబరునకు సేత్వారులో (సర్వే నంబర్ల విస్తీర్ణము తెలుపు మూల రికార్డులో) 10 ఎకరముల 20 గుంటలుండి, పహాణీలోని (గ్రామ సాగు లెక్కలోని) పట్టాదారుల వాటాలన్నియు కూడగా 11 ఎకరముల 5 గుంటలైనదనుకొందము. వాటాల మొత్తము సేత్వారును మించరాదను నియమమును డేటాబేసులోనే బిగింపవచ్చును. అది ప్రతి నమోదునకు కొంత జాప్యము కలిగించునేగాని, తప్పును గడపలోనే ఆపును. ఎవరి వాటా సరియైనదో యంత్రము తేల్చజాలదు, అది రెవెన్యూవారి పని. 2017 నాటి భూరికార్డుల ప్రక్షాళనలో మిగిలిన దోషములకు యంత్రమును నిందించుటయు న్యాయము కాదు. అయినను సరిచూడని లెక్కకు వేగము నొసగినచో తప్పే వేగముగా పాసుపుస్తకమునకెక్కును.

ఇక విశ్వసనీయత. అమ్మినవాని ఖాతాలో 2 ఎకరములు తగ్గి, కొన్నవాని ఖాతాలో చేరకమునుపే కరెంటు పోయినచో ఆ భూమి యెవ్వరిది? మంచి డేటాబేసు ఆ రెండు మార్పులను ఒక్కటిగానెంచి, రెండును జరిగినవనియో, ఏదియు జరుగలేదనియో నిలుపును. 'అయినది' అని చెప్పుటకు మునుపే తన చిట్టాను డిస్కుపై వ్రాసికొనును. ఆ వ్రాతకగు క్షణమును ఆదా చేయుటకై, సంగతిని మెమొరీలోనే యుంచుకొని ముందుగా బదులు పలుకు అమరికలును కలవు; వేగపు పోటీలలో గెలుచునవి తరచుగా అవియే. 1937లో స్థాపితమై 2015 డిసెంబరులో మూతపడిన బోధను శక్కర్‌నగరు చక్కెర ఫ్యాక్టరీకి చెరకు తోలిన రైతును అడుగుడు, కాటా త్వరగా తూచుట ముఖ్యమా, సరిగా తూచుట ముఖ్యమా యని.

వేగము అనవసరమని నా వాదము కాదు. నిజామాబాదు యార్డులో పసుపు ధరలు చూపు తెర ఒక నిమిషము వెనుకబడినను కొంప మునుగదు. ఆన్‌లైనులో వేసిన బిడ్డు ఒక్కటి మాయమైనచో రైతు నష్టపోవును. ఏ సమాచారము ఎంతటి ఆలస్యమును, ఎంతటి తప్పును ఓర్చునో విడివిడిగా తూచకుండ, సెకనుకెన్ని లావాదేవీలని మాత్రమే అడిగి వ్యవస్థలను కొనుట మన కచేరీలకు అలవాటైనది. తెరపై చూపుటకు సులభమైనది అదియే కదా!

ధరణికి బదులుగా 2025 ఏప్రిల్ 14న వచ్చిన భూభారతి, మన పొరుగున కామారెడ్డి జిల్లా లింగంపేట మండలమును తొలి ప్రయోగ మండలములలో ఒకటిగా ఎన్నుకొని, తప్పుల సవరణకును అప్పీలునకును మార్గము తెరచినది. అధికారులకు నా మనవి యొక్కటే: ఇకపై ఏ వ్యవస్థకైనను సొమ్ము చెల్లించుటకు మునుపు, రిజిస్ట్రేషను నడుచుచుండగా కరెంటు తీసి పరీక్షింపుడు; పిదప ప్రతి సర్వే నంబరు మొత్తమును సేత్వారుతో సరిచూచి, తేడాల పట్టికను గ్రామ పంచాయతీ గోడపై అంటింపుడు.