కప్పు కన్నా మోకాలు పెద్దది

(నా అభిప్రాయం)



ఆటలు ఆడితే ఆరోగ్యం అని మన డైనింగ్ హాలు గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి ఉంది. అది నిజమే. కానీ దెబ్బ తగిలిన కాలితో ఆడితే ఏమవుతుందో ఏ గోడ మీదా రాసి లేదు. వచ్చే నెలలో జోనల్ ఆటలు ఉన్నాయి. అందుకని ఈ సంచికలో దాని గురించే రాస్తున్నాను.

నేను చెప్పేది బ్రాండన్ రాయ్ అనే అమెరికా బాస్కెట్‌బాల్ ఆటగాడి గురించి. మన స్కూల్లో బాస్కెట్‌బాల్ కోర్టు లేదు కదా, మనకెందుకు అని మీరు అడగొచ్చు. మనం ఆడేది కబడ్డీ, ఖోఖో, వాలీబాల్. ఆట వేరైనా మోకాలు ఒకటే. మన పి.ఇ.టి. మేడమ్ కంప్యూటర్ రూములో అతని ఆట చూపించారు. అప్పటినుంచి అతని గురించి దొరికినదల్లా చదివాను.

బాస్కెట్‌బాల్‌లో ఒక్కో జట్టుకు ఐదుగురు ఉంటారు. వాళ్ళలో గార్డులు అనే ఆటగాళ్ళు బంతిని నేలకు కొడుతూ ముందుకు తెస్తారు, ఎవరికి ఇవ్వాలో చూసి ఇస్తారు, సందు దొరికితే తామే బుట్టలో వేస్తారు. రాయ్ అలాంటి గార్డు. 1984లో సియాటెల్ నగరంలో పుట్టాడు. చిన్నప్పుడు అతనికి చదవడం కష్టంగా ఉండేది. కాలేజీ ప్రవేశపరీక్ష మళ్ళీ మళ్ళీ రాశాడు. ఆ రోజుల్లో ఓడరేవులో సరుకు పెట్టెలు కడిగే కూలి పని కూడా చేశాడు. ఇది చదివినప్పుడు నాకు అతను దూరంవాడు అనిపించలేదు. నాకూ మొదట్లో తెలుగు వాచకం చదవడానికి నాలుక తిరిగేది కాదు. ఇంట్లో మేం మాట్లాడేది కోయ భాష.

పరీక్ష పాసై వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో చేరి నాలుగేళ్ళు ఆడాడు. 2006లో పోర్ట్‌లాండ్ జట్టులోకి వచ్చాడు. అది అమెరికాలో అన్నిటికన్నా పెద్ద పోటీ అయిన ఎన్.బి.ఎ.లో ఆడే జట్టు. మొదటి ఏడాదే కొత్త ఆటగాళ్ళలో ఉత్తముడు అని బహుమతి ఇచ్చారు. 2008, 2009, 2010 మూడేళ్ళూ ఆల్ స్టార్ జట్టుకు ఎన్నికయ్యాడు. 2008 డిసెంబరులో ఫీనిక్స్ జట్టు మీద ఒక్కడే 52 పాయింట్లు చేశాడు. వీడియోలో చూస్తే అతను హడావుడిగా పరిగెత్తడు. మెల్లగా వస్తున్నట్టే ఉంటాడు, ఎదుటివాడు ఇటు అనుకునేలోపు అటు వెళ్ళిపోతాడు. మా ఊళ్ళో కుందేలు వల తప్పించుకున్నట్టు ఉంటుంది.

అలాంటివాడు 2011 డిసెంబరులో ఆట మానేస్తున్నాను అన్నాడు. అప్పటికి అతనికి 27 ఏళ్ళే. కారణం మోకాళ్ళు.

మోకాలి లోపల రెండు ఎముకల మధ్యన మెత్తలాగా చంద్రవంక ఆకారంలో గుజ్జు ఉంటుంది. దాన్ని మెనిస్కస్ అంటారు. మనం దూకినప్పుడు, గబుక్కున తిరిగినప్పుడు బరువులో చాలా భాగం అది మోస్తుంది. దాని లోపలి భాగానికి రక్తం సరిగా అందదు. అందుకే చిరిగితే చర్మం మానినట్టు మానదు. చిరిగిన ముక్క కోసి తీసేస్తే మళ్ళీ పెరగదు. అప్పుడు ఎముకల మీదే బరువు పడి అవి అరుగుతాయి. రాయ్‌కి ఒకటి కాదు, రెండు మోకాళ్ళలోనూ ఈ గుజ్జు పోయింది.

ఇక నేను ముఖ్యంగా చెప్పాలనుకున్న సంగతి. 2010 ఏప్రిల్‌లో అతని కుడి మోకాలికి ఆపరేషన్ అయింది. అయిన ఎనిమిది రోజులకే ఫీనిక్స్ మీద మ్యాచ్‌లో దిగాడు. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఆ మ్యాచ్ గెలిచారు, కానీ ఆ సిరీస్ ఓడిపోయారు. 2011 జనవరిలో రెండు మోకాళ్ళకూ ఆపరేషన్ చేశారు. మళ్ళీ వచ్చాడు. అదే ఏడాది ఏప్రిల్ 23న డాలస్ జట్టు మీద మ్యాచ్. పోర్ట్‌లాండ్ 23 పాయింట్లు వెనకపడి ఉంది. చివరి భాగంలో రాయ్ ఒక్కడే 18 పాయింట్లు చేసి 84-82తో గెలిపించాడు. ఆ సిరీస్ కూడా డాలస్‌కే పోయింది. తర్వాత ఎనిమిది నెలలు తిరగకుండానే ఆట మానేశాడు. 2012లో మిన్నెసోటా జట్టు తరఫున ఇంకోసారి ప్రయత్నం చేశాడు. ఐదు మ్యాచ్‌లే ఆడగలిగాడు.

చాలామంది ఆ డాలస్ మ్యాచ్ చూసి ఆహా ఎంత ధైర్యం అంటారు. నాకూ ఒళ్ళు పులకరించింది. కానీ ఎనిమిది రోజులకే ఆడిన మ్యాచ్ సంగతి చదివితే భయమేసింది. ఆ ఒక్క మ్యాచ్ వల్లే అతని మోకాలు పోయిందని నేను అనను. అంతకుముందే అది అరిగింది. నేను అడిగేది వేరే. ఆటగాడిని నువ్వు ఆడగలవా అని అడిగితే ఏమంటాడు? ఆడతాననే అంటాడు. ఆట మీద ప్రేమ ఉన్నవాళ్ళు, జట్టు ఓడిపోతుంటే చూడలేనివాళ్ళు ఎప్పుడైనా అదే అంటారు. కాబట్టి ఆ ప్రశ్న ఆటగాడిని అడగకూడదు. పెద్దవాళ్ళు తేల్చాలి. ఇది నా అభిప్రాయం.

మన దగ్గర కూడా ఇదే జరుగుతుంది. మోకాలు వాచినా ఎవరూ చెప్పరు. చెప్తే జట్టులోంచి తీసేస్తారని భయం. బామ్ రాసుకుని, చున్నీ ముక్కతో గట్టిగా కట్టుకుని దిగుతారు. నాకు తెలిసిన ఒక అక్క ఉంది. పేరు రాయను. ఆమె కూత పెట్టి వెళ్తే ఇద్దరిని ముట్టుకోకుండా తిరిగి వచ్చేది కాదు. ఒకసారి ఫైనల్లో కాలు మెలిక పడింది. ఒక్క ఆటే కదా, కానియ్యమ్మా అన్నారు. ఆడింది, గెలిపించింది. కప్పుతో ఫోటో దిగారు. ఆ తర్వాత ఆమె మెట్లు ఎక్కాలంటే గోడ పట్టుకునేది. గ్రౌండుకి రావడం మానేసింది. ఎవరూ రమ్మని పిలవలేదు. సంక్రాంతి సెలవులకు ఇంటికి వెళ్ళింది, మళ్ళీ రాలేదు. ఆట ఒక్కటే ఆమెను బడిలో పట్టి ఉంచింది. అది పోయాక ఇంకేదీ పట్టుకోలేదు.

రాయ్ ఆట మానేసేసరికి అతని దగ్గర డబ్బు ఉంది, మంచి డాక్టర్లు ఉన్నారు. మనకేముంది? మన ఇళ్ళల్లో బతుకంతా మోకాళ్ళ మీదే నడుస్తుంది. నాట్లు వెయ్యాలన్నా, కొండెక్కి కట్టెలు తేవాలన్నా, ఇప్పపూలు ఏరాలన్నా, రోడ్డు లేని ఊరికి నడవాలన్నా మోకాలే కావాలి. కప్పు ఆఫీసు రూము అద్దాల బీరువాలో ఉంటుంది. మోకాలు మాత్రం ముసలితనం దాకా మన వెంట వస్తుంది.

కొందరు అంటారు, ప్రతి నొప్పికీ ఆపితే ఇక ఆటలెక్కడివి, స్పోర్ట్స్ సర్టిఫికెట్ ఉంటే ముందుముందు సీటుకి, ఉద్యోగానికి పనికొస్తుంది కదా అని. నిజమే. అందుకే కాలు కాపాడుకోవాలి. తొమ్మిదో తరగతిలో పోగొట్టుకుంటే ఇంటర్‌లో ఏం ఆడతాం? పి.టి. పీరియడ్ ఎగ్గొట్టడానికి దొంగనొప్పి చెప్పేవాళ్ళు ఉన్నారని ఇంకొందరు అంటారు. అదీ నిజమే, మన డార్మెటరీలోనే ఉన్నారు! వాళ్ళని కూడా గ్రౌండుకే రమ్మని స్కోరు రాయించండి. రెండు రోజులు ఎండలో స్కోరు రాస్తే దొంగనొప్పి దానంతటదే తగ్గిపోతుంది.

పెద్దలకు నా మనవి ఇది:

1. కాలు వాచినా, మెలిక పడినా ఆడాలా వద్దా అనేది ఆ అమ్మాయిని అడగవద్దు. ఏఎన్ఎం అక్క, పి.ఇ.టి. మేడమ్ కలిసి చూసి చెప్పాలి. అవసరమైతే ఆస్పత్రికి పంపాలి.

2. కూర్చోమన్న అమ్మాయి పేరు జట్టు లిస్టులోంచి కొట్టెయ్యవద్దు. బాగయ్యాక తన చోటు తనకే ఉంటుందని ముందే చెప్పాలి. అప్పుడు ఎవరూ నొప్పి దాచరు.

3. ఆడలేని అమ్మాయికి ఆటలోనే వేరే పని ఇవ్వాలి. అంపైరింగ్, స్కోరు, చిన్న తరగతుల పిల్లలకు నేర్పడం.

మూడోది ఎందుకు రాశానంటే, రాయ్ కథ 2011లో అయిపోలేదు. అతను సియాటెల్‌లోని నేథన్ హేల్ అనే హైస్కూల్‌లో కోచ్‌గా చేరాడు. అంతకుముందు ఏడాది ఆ స్కూలు మూడే మ్యాచ్‌లు గెలిచింది. 2016-17లో రాయ్ కింద 29 ఆడి 29 గెలిచింది. మంచి ఆటగాళ్ళు కొత్తగా వచ్చి చేరిన మాట నిజమే. అయినా 2017లో హైస్కూల్ కోచ్‌లలో దేశంలోనే ఉత్తముడు అనే అవార్డు అతనికి వచ్చింది. తర్వాత తను చదువుకున్న గార్‌ఫీల్డ్ హైస్కూల్‌కే కోచ్‌గా వెళ్ళాడు. మోకాలు పోయినా ఆట తెలివి ఎక్కడికీ పోలేదు. దాన్ని వాడుకునే చోటు దొరికింది.

చెల్లెళ్ళకు ఒక మాట. నొప్పి ఉందని చెప్పడం పిరికితనం కాదు. అందరూ ఆడు ఆడు అని అరుస్తుంటే నేను ఇవాళ ఆడను అనడానికే ఎక్కువ ధైర్యం కావాలి. ఈసారి జోనల్ ఆటల్లో మన జట్టు గెలవాలని నాకూ ఉంది. వెళ్ళిన పన్నెండు మందీ ఎవరి కాళ్ళ మీద వాళ్ళు నడిచి బస్సు దిగాలని అంతకన్నా ఎక్కువ ఉంది.

– తొమ్మిదో తరగతి విద్యార్థిని