ఎడమ ప్రక్క, కుడి ప్రక్క

మా సంఘంలో ఒక పెద్దాయన ఉన్నారు. హైదరాబాదులోని ఒక కేంద్ర ప్రభుత్వ కార్యాలయంలో ముప్పై ఆరేళ్లు లెక్కలు వ్రాసి 2018లో పదవీ విరమణ చేశారు. సంఘం లెక్కలు కూడా ఆయనే చూస్తారు. రూపాయి తేడా వచ్చినా ఆ రాత్రి ఆయనకు నిద్ర ఉండదు, మమ్మల్నీ నిద్రపోనివ్వరు.

వారి ఇంటావిడకు ఒంట్లో బాగాలేదంటే ఒకనాటి సాయంత్రం చూడడానికి వెళ్లాము. ఆమె అన్నగారు కూడా వచ్చి ఉన్నారు. టీ త్రాగుతూ ఆయన, "బావగారూ, డెబ్బయి నిండితే సర్కారు ఉచితంగానే కార్డు ఇస్తోందట గదా. మీరు తొందరపడి యాభై నాలుగు వేలు పోశారు" అన్నారు. పెద్దాయన మాట్లాడకుండా లేచి లోపలికి వెళ్లి ఒక నోటు పుస్తకం తెచ్చి మా ముందు పెట్టారు.

పాఠకులలో అందరికీ ఈ సంగతి తెలియదు గనుక కొంచెం వివరిస్తాము. కేంద్ర ప్రభుత్వోద్యోగుల ఆరోగ్య పథకం, అందరూ సి.జి.హెచ్.ఎస్. అనేది, 1954లో ఢిల్లీలో మొదలైంది. ఉద్యోగంలో ఉన్నంత కాలం చందా నెలనెలా జీతంలోనే కోసుకుంటారు. రిటైరైన తరువాత మాత్రం కార్డు దానంతట అది రాదు. తానే దరఖాస్తు పెట్టుకొని ఏటేటా కట్టాలి, లేదా పదేళ్ల చందా ఒక్కసారే కట్టి జీవితాంతం చెల్లే కార్డు తీసుకోవాలి. 2017లో మార్చిన రేట్ల ప్రకారం జీతపు స్థాయినిబట్టి నెలకు 250, 450, 650, 1,000 రూపాయలు. మన పెద్దాయనది రెండవ మెట్టు. 450 చొప్పున 120 నెలలకు 54,000.

ఆ రోజుల్లో ఆయన ఎంత గొణిగారో మాకు తెలుసు. చేతికి వచ్చిన సొమ్ములో పెద్ద భాగం అమ్మాయి పెళ్లి అప్పుకు పోయింది. "జీవితమంతా పని చేయించుకొని, ముసలితనంలో మందుబిళ్లకు ముందే డబ్బు కట్టమంటారా?" అనేవారు. ఇంటావిడ పోరు పడలేక కట్టారు. కట్టిన కార్డు మూడేళ్లు బీరువాలోనే ఉంది.

నోటు పుస్తకంలో పేజీ మధ్యగా ఒక గీత. ఎడమ ప్రక్క ఆయన కట్టినది, కుడి ప్రక్క ఆయనకు వచ్చినది. మొదటి మూడేళ్లు కుడి ప్రక్క తెల్లగా ఉంది. తరువాత బి.పి., షుగరు, ఆమెకు థైరాయిడు. ఇద్దరికీ నెల మందులు బయట కొంటే రెండు వేలు అవుతాయి. డిస్పెన్సరీకి ఇప్పుడు వెల్‌నెస్ సెంటర్ అని పేరు. ఉదయమే వెళ్లి వరుసలో కూర్చోవాలి. లేని మందుకు ఇండెంటు పెడతారు, దానికోసం మరో రోజు వెళ్లాలి. ఆ ఆటో ఖర్చు కూడా ఎడమ ప్రక్కనే ఎక్కించారు! అయినా మూడేళ్లు తిరగకముందే కుడి ప్రక్క పైకి వచ్చింది.

ఎర్ర సిరాతో ఒక పద్దు కనిపించింది. ఇంటావిడకు గుండెలో స్టెంటు వేసినప్పటిది. ప్యానెల్‌లో ఉన్న ఆసుపత్రే. అయినా "కార్డు మీద బెడ్డు లేదు, డబ్బు కడితే ఉంది" అన్నారట. ఆ అర్ధరాత్రి వాదించే ఓపిక ఎవరికి ఉంటుంది? కొడుకు అప్పు తెచ్చి కట్టాడు. తరువాత బిల్లులు పెడితే పథకం రేటు వరకే తిరిగి వచ్చింది. మిగిలిన తేడాయే ఆ ఎర్ర పద్దు.

"వదిలిపెట్టలేదు అయ్యగారూ. ఫిర్యాదు వ్రాశాను. ఉచితంగా ఇచ్చిందైతే నోరు మూసుకొని ఉండేవాణ్ణి. డబ్బు కట్టినవాణ్ణి గనుక అడిగాను" అన్నారు.

ఈ మాట మాకు పూర్తిగా నచ్చలేదు. ఉచిత కార్డు పట్టుకొని వెళ్లిన కూలి ముసలమ్మకు అడిగే హక్కు లేదా? ఆమె కొన్న సబ్బుబిళ్ల మీద ఆమె కూడా పన్ను కట్టింది. పైగా పెద్దాయన చందా ఈ పథకం ఖర్చులో ఏ మూలకు? మిగిలినదంతా ఖజానా భరించేదే. ఆ మాటే అన్నాము. ఆయన కాసేపు ఆలోచించి, "నిజమే. ఆ మూడేళ్లు నా చందా ఎవరి మందుకో పోయింది. ఎవరి డబ్బో మా ఆవిడ గుండెకు వచ్చింది. ఆ లెక్క ఈ పుస్తకంలో వ్రాయడం నాకు చేతకాదు" అన్నారు.

ఆయనతోపాటే రిటైరైన మిత్రుడొకరు సొంత ఊరికి వెళ్లిపోయారు. ఈ పథకం లేని చోట ఉండేవారికి 2017 నుండి నెలకు 1,000 రూపాయల వైద్య భత్యం పింఛనుతో వస్తోంది. ఆయన అది చాలనుకున్నారు. పక్షవాతం వచ్చి పట్నం ఆసుపత్రిలో చేరినప్పుడు అరెకరం అమ్మవలసి వచ్చింది. మందులకు ఆ వెయ్యి తీసుకుంటూనే, చందా కట్టి, ఆసుపత్రిలో చేరే అవసరానికి కార్డు కూడా ఉంచుకోవచ్చు. ఈ సంగతి ఆయనకు చెప్పినవారు లేరు. మన పెద్దాయనకు తెలిసి కూడా చెప్పలేదట. ఇది చెబుతూ ఆయన మా ముఖం చూడలేదు.

ఇక ఉచిత కార్డు సంగతి. 2024 అక్టోబరు 29న ఆయుష్మాన్ భారత్‌ను డెబ్బయి నిండిన వారందరికీ, ఆదాయంతో నిమిత్తం లేకుండా వర్తింపజేశారు. ఏడాదికి 5 లక్షల వరకు వైద్యం. ఇంట్లో ఇద్దరు ఆ వయసువారుంటే ఇద్దరికీ కలిపి అంతే. మంచి పథకమే. కాని అది ఆసుపత్రిలో చేరినప్పటి ఖర్చుకు. నెలనెలా వేసుకునే షుగరు బిళ్లలు అందులో రావు. సి.జి.హెచ్.ఎస్. ఉన్నవారు రెండిటిలో ఏదో ఒకటే ఎంచుకోవాలి. ఉచితమని వినగానే ఉన్నదాన్ని వదులుకుంటే నెల మందులు మళ్లీ జేబులోనుండే.

"మరి మీరు తీసుకున్నారా?" అని ఆ అన్నగారిని అడిగాము. ఆయనకు డెబ్బయి ఒకటి, ప్రైవేటు కంపెనీలో చేసి రిటైరయ్యారు, వేరే ఏ ఆధారమూ లేదు. "ఇంకా లేదండి, చూడాలి" అన్నారు.

పెద్దాయన మా వైపు తిరిగారు. "మీకేముంది అయ్యగారూ?" మాకు నలభై ఏడు. డెబ్బయికి ఇంకా ఇరవై మూడేళ్లు ఉన్నాయి గదా అని నవ్వేశాము. "అప్పటిదాకా జబ్బు ఆగుతుందా?" అన్నారు. సంఘంలో ఉన్న సహాయనిధి పెట్టె ఇద్దరు ఆసుపత్రిలో చేరితే ఖాళీ. మా చీటీ ఆ పెట్టెలో వేయడానికి మాకు మొహం చెల్లదు.

మరుసటి ఆదివారం ఆరాధన అయ్యాక వరండాలో బల్ల వేసుకొని ఆయన డెబ్బయి దాటినవారి పేర్లు వ్రాయసాగారు. మొత్తం పదకొండుమంది తేలారు. వయసుకు ఆధార్ కార్డే ప్రమాణం గనుక కార్డులు తెమ్మన్నారు. ముగ్గురి కార్డులలో వయసు తప్పు. ఎనభై ఏళ్ల అవ్వకు అరవై నాలుగని ఉంది. నమోదు చేసిన కుర్రవాడు ముఖం చూసి వేసేశాడట. వయసు తక్కువ వేశాడని ఆమె ఇన్నాళ్లూ మురిసిపోతోంది. దిద్దించడానికి ఏ కాగితం చూపాలో కనుక్కోవడానికి పెద్దాయన సోమవారం ఆమెతోపాటు వెళ్లారు. ఆటో ఖర్చు ఏ ప్రక్క వ్రాశారో మేము అడగలేదు.