జర్మనీ కొలువుకు భాషే గడప
మెదక్ జిల్లా రేగోడ్ వంటి గ్రామీణ మండలాల నర్సింగ్ పట్టభద్రులకు తెలంగాణ ప్రభుత్వ విదేశీ ఉపాధి సంస్థ టామ్‌కామ్ జర్మనీ కొలువుల దారి చూపుతున్నప్పటికీ, అక్కడ పూర్తిస్థాయి నర్సుగా గుర్తింపు పొందడానికి పట్టాతోపాటు సాధారణంగా జర్మన్ భాషలో బీ2 స్థాయి, అనగా ఐరోపా భాషా ప్రమాణంలోని ఆరు మెట్లలో నాలుగోది, అవసరమవుతుంది. రోగి తన నొప్పిని వర్ణిస్తే గ్రహించి, షిఫ్టు మారేటప్పుడు తర్వాతి నర్సుకు ఆ వివరాన్ని జర్మన్‌లోనే అప్పగించగలగాలి. సూది వేయడంలో ఎంత చేయి తిరిగినా భాష లోటు పూడదు. నెలల తరబడి సాగే శిక్షణ కోసం ఉన్న ఉద్యోగం వదులుకొని, హైదరాబాద్‌లో ఉండవలసి రావడమే వీసా కంటే పెద్ద అవరోధం. గల్ఫ్ సహా 18 దేశాలకు నర్సుల నియామకాన్ని 2015లో కేంద్రం ప్రభుత్వ సంస్థలకే పరిమితం చేసి దళారులకు అడ్డుకట్ట వేయబూనింది; అదే తరహాలో భాషా తరగతులను మెదక్‌లోనే నిర్వహించే బాధ్యత రాష్ట్రం తీసుకోవాలి.