కలిపితే చెత్త.. విడదీస్తే ఇంధనం

హైదరాబాద్‌: వంటింటి వ్యర్థాల నుంచి విద్యుత్తు, వాహనాలకు గ్యాస్‌, పొలాలకు ఎరువు తీయడం ఇప్పుడు కాగితాలపై లెక్క కాదు. నగర పరిసరాల్లోని రెండు కేంద్రాలే ఇందుకు నిదర్శనం. యంత్రం ఎంత మేలైనదైనా దాని ఫలితం ఇంటి గుమ్మం వద్దనే నిర్ణయమవుతుందని ఆ రెండూ చాటుతున్నాయి.

బోయిన్‌పల్లి పాఠం

బోయిన్‌పల్లి మార్కెట్‌లో మిగిలిపోయే కూరగాయలను గాలి చొరని ట్యాంకులో కుళ్లబెట్టి గ్యాస్‌ తీసే కేంద్రాన్ని అక్కడే నెలకొల్పారు. భారతీయ రసాయన సాంకేతిక సంస్థ (ఐఐసీటీ) ఈ పరిజ్ఞానాన్ని అందించింది. రోజుకు పది టన్నుల వ్యర్థాలతో సుమారు 500 యూనిట్ల విద్యుత్తు, 30 కిలోల జీవ ఇంధనం లభిస్తున్నట్లు 2021లో ప్రకటించారు. మిగిలిన మడ్డి ఎరువుగా పనికొస్తుంది. ముడిసరుకు మొదటి నుంచీ విడిగా ఉండటమే ఇక్కడ కలిసివచ్చిన అంశం.

జవహర్‌నగర్‌ చిక్కు

నగరం చెత్తనంతా ఏళ్ల తరబడి మోసిన జవహర్‌నగర్‌లో 2020లో 19.8 మెగావాట్ల విద్యుత్‌ కేంద్రం ప్రారంభమైంది. ఇక్కడికి చేరేది కలగలిసిన చెత్త. మన ఇళ్ల వ్యర్థాల్లో సగం వరకు తడిదే. తడి చెత్తను మండిస్తే వేడిలో అధిక భాగం నీటిని ఆవిరి చేయడానికే ఖర్చవుతుంది. ప్లాస్టిక్‌ సరిగా కాలకపోతే విషవాయువులు వెలువడతాయి. అందుకే పునర్వినియోగానికి పనికిరాని, కిలోకు 1500 కిలో కేలరీలకు పైగా వేడినిచ్చే చెత్తనే ఇంధనంగా వాడాలని 2016 నాటి కేంద్ర నిబంధనలు నిర్దేశించాయి. అంటే మండించడం చివరి మార్గమే తప్ప మొదటిది కాదు.

ఇందౌర్‌లో 2022లో ప్రారంభించిన కేంద్రం రోజుకు 550 టన్నుల తడి చెత్త నుంచి 17 వేల కిలోల సీఎన్‌జీ తీసే సామర్థ్యంతో ఏర్పాటైంది. ఇంటింటా వేరు చేసిన చెత్త అందుబాటులో ఉన్నందునే అంతటి కేంద్రం సాధ్యమైంది.

బుట్టలతోనే సరిపోదు

హైదరాబాద్‌లోనూ 2015లో ఇంటింటికీ ఆకుపచ్చ, నీలం బుట్టలు పంచారు. గృహిణి వేరు చేసి ఇచ్చిన చెత్తను ఆటోలో ఒకే కుప్పగా పోస్తే మరునాడు ఆమె ఆ శ్రమ పడదు. బండిలో రెండు అరలు, వార్డు స్థాయిలో చిన్న గ్యాస్‌ కేంద్రాలు, చెత్త ఏరుకొని బతికేవారికి పొడి చెత్త కేంద్రాల్లో ఉపాధి.. ఈ మూడింటిపై అధికారులు ముందుగా దృష్టి సారించాలి. లేనిపక్షంలో ఎన్ని మెగావాట్లు పెంచినా డంపింగ్‌ యార్డు పక్కన బతుకులీడ్చే వారికి దుర్గంధం తప్పదు.