రెక్కకొక ఇంజను – గంటకెంత ఖర్చు?

విద్యార్థులారా! పెద్దయ్యాక ఏమవుతారని అడిగితే ఈ రోజుల్లో మన నిజామాబాద్ బళ్లలో "పైలట్‌నవుతాను సార్" అనే గొంతులు తరచుగా వినబడుతున్నాయి. వినబడవలసిందే. జిల్లాలో విమానాశ్రయం లేకపోతేనేం, జక్రాన్‌పల్లి దగ్గర ఒకటి కట్టాలన్న ప్రతిపాదనైతే ఉన్నది. ఆడపిల్లలకు ఒక మాట: 1947లో లైసెన్సు పొందిన ప్రేమ్ మాథుర్ హైదరాబాదులోని దక్కన్ ఎయిర్‌వేస్‌లో చేరి, మన దేశంలో వాణిజ్య విమానం నడిపిన మొదటి మహిళ అయ్యారు. ఆ సంస్థవి రెండింజన్ల డకోటా విమానాలు.

అయితే ఈ చదువు ఖరీదైనది. బోధన్ వైపు ఒక రైతు కొడుకును పైలట్ చేయాలంటే చెరకు పండే భూమి కొంత అమ్ముకోవలసి రావచ్చు. భూమి అమ్మేముందు ఆ డబ్బు ఎటు పోతుందో తెలుసుకోవడం అవసరం కదా! వాణిజ్య లైసెన్సుకు 200 గంటలు ఎగరాలి. అందులో ఎక్కువ భాగం ఒక ఇంజను విమానం మీదే గడుస్తుంది. చివరి పదిహేను గంటలో ఎంతో రెండింజన్ల విమానం మీద నేర్చుకుంటారు. గంటకు అన్నిటికన్నా ఎక్కువ వసూలు చేసేది దీనికే.

రెండింజన్లు ఎందుకు నేర్చుకోవాలి? చెరకు బండిని తలచుకోండి. రెండెద్దులలో ఒకటి కూలబడితే బండి సగం వేగంతో నడవదు, పక్కకు తిరుగుతుంది. విమానమూ అంతే. ఇంజను రెక్క మీద, మధ్య గీతకు దూరంగా ఉంటుంది. బలాన్ని దూరంతో గుణిస్తే వచ్చేది భ్రామకమని మీరు చదివారు. ఆ భ్రామకం ముక్కును ఆగిపోయిన ఇంజను వైపుకు తిప్పుతుంది. పైలట్ కాలితో చుక్కానిని తొక్కి దానిని ఆపాలి. మరొక చిక్కు ఉంది. రెండింజన్ల శక్తి 100 పాళ్లనుకోండి, నిలకడగా ఎగరడానికి 40 పాళ్లు కావాలనుకోండి. మిగిలిన 60 పాళ్లతో విమానం పైకెక్కుతుంది. ఒక ఇంజను ఆగితే ఉన్నది 50, ఖర్చు 40, మిగిలింది 10. శక్తి సగమే తగ్గింది, ఎక్కే బలం మాత్రం ఆరో వంతుకు పడిపోయింది! ఇది పుస్తకంలో చదివితే రాదు, కాళ్లకూ చేతులకూ అలవాటు కావాలి. అందుకే ఆ కొద్ది గంటలు అంత విలువైనవి.

ఇప్పుడు విమానాల సంగతి. పాత తరానికి ఉదాహరణగా అమెరికాలో పైపర్ కంపెనీ 1971 నుండి తయారు చేసిన సెనెకాను తీసుకోవచ్చు. ఇది సీసం కలిపిన విమాన పెట్రోలు తాగుతుంది. ఈ పెట్రోలు మనకు చాలాకాలం విదేశాల నుండే వచ్చేది. 2022లో ఇండియన్ ఆయిల్ సంస్థ వడోదరలో తయారుచేయడం మొదలుపెట్టింది. కొత్త తరానికి ఉదాహరణ ఆస్ట్రియా దేశపు డైమండ్ కంపెనీ డి.ఎ.-42. 2002లో తొలిసారి ఎగిరింది. ఉత్తరప్రదేశ్‌లోని ఫుర్సత్‌గంజ్‌లో ఉన్న ఇందిరాగాంధీ ఉడాన్ అకాడమీలో ఇవి ఉన్నాయి. దీనివి డీజిలు పద్ధతి ఇంజన్లు. కిరోసిన్ జాతికి చెందిన జెట్ ఇంధనంతో నడుస్తాయి. మన పొలాల్లోని ఆయిల్ ఇంజనుకు దగ్గరి చుట్టమన్నమాట! పెట్రోలు ఇంజను గాలిని ఏడెనిమిదో వంతుకు నొక్కితే ఇది సుమారు పద్దెనిమిదో వంతుకు నొక్కుతుంది. అంత నొక్కితే అదే ఇంధనం నుండి ఎక్కువ పని రాబట్టవచ్చు. 2004లో ఈ విమానం న్యూఫౌండ్‌లాండ్ నుండి పోర్చుగల్‌కు, అట్లాంటిక్ మీదుగా, ఎక్కడా దిగకుండా పన్నెండున్నర గంటల్లో చేరింది.

మరి కొత్తదే చవక అనుకుంటున్నారా? తొందరపడకండి. లెక్క కోసం కొన్ని అంకెలు అనుకుందాం. పాతది గంటకు 85 లీటర్లు, లీటరు 200 రూపాయలు. కొత్తది గంటకు 42 లీటర్లు, లీటరు 100 రూపాయలు. అంటే 17,000కు బదులు 4,200. గంటకు 12,800 ఆదా. కాని కొత్తదాని ధర పాతదానికన్నా 6 కోట్లు ఎక్కువనుకోండి. నూటికి 9 చొప్పున ఆ 6 కోట్లకు ఏడాది వడ్డీయే 54 లక్షలు. ఏడాదికి 300 గంటలు ఎగిరితే ఆదా అయ్యేది 38 లక్షల 40 వేలు. వడ్డీ కూడా రాలేదు! 900 గంటలు ఎగిరితే ఆదా 1 కోటి 15 లక్షల 20 వేలు. వడ్డీ పోను అసలు కూడా తీరుతూ వస్తుంది.

చూశారా, విమానం పాతదా కొత్తదా అన్నది సగం ప్రశ్నే. ఏడాదికి ఎన్ని గంటలు ఎగురుతుందన్నది మిగతా సగం. చక్కెర మిల్లులో చెరకు ఆడేది కొన్ని నెలలే, యంత్రాల వడ్డీ మాత్రం పన్నెండు నెలలూ నడుస్తుంది. బోధన్ శక్కర్‌నగర్ వాళ్లకు ఇది నేను చెప్పనక్కరలేదు. 1937లో నెలకొల్పిన నిజాం షుగర్స్ 2015లో మూతపడ్డాక, అక్కడ తిరగని యంత్రం విలువ ఏమిటో పిల్లలకు కూడా తెలుసు.

కొత్త యంత్రానికి మరొక భయమూ ఉంది. డి.ఎ.-42కు మొదట ఇంజన్లు చేసిన జర్మనీ కంపెనీ థీలెర్ట్ 2008లో దివాలా తీసింది. పాత ఇంజనును విప్పి, బాగుచేసి, మళ్లీ బిగించవచ్చు. ఈ ఇంజను అలా కాదు, గంటలు నిండితే తీసేసి కొత్తది పెట్టవలసిందే. విమానాల యజమానులు గగ్గోలు పెట్టారు. డైమండ్ వాళ్లు మెర్సిడెస్ కారు ఇంజను ఆధారంగా 168 అశ్వశక్తుల ఇంజనును సిద్ధం చేసుకొని, 2009 నుండి అమర్చడం మొదలుపెట్టారు. మన ఊరి లేతు మిషను మీద ఆయిల్ ఇంజను ముక్క తిప్పించుకున్నట్లు విమానం ముక్క తిప్పించుకోలేము సుమా!

పాత విమానంలో ఆరు మీటలను సరిచూసుకోవాలి, కొత్తదానిలో రెండే, మిగతాది కంప్యూటరు చూసుకుంటుంది. కాబట్టి పాతదాని మీద నేర్చినవాడే గట్టివాడు అనే వాదం ఒకటుంది. నాకది సరిగా తోచదు. రేపు మీరు నడపబోయే పెద్ద విమానాలలోనూ కంప్యూటర్లే ఉన్నాయి. ఆగిన ఇంజను భ్రామకం మాత్రం రెండింటిలోనూ ఒకే సూత్రానికి లోబడుతుంది.

నా అభిప్రాయం ఇది. ప్రతి శిక్షణ సంస్థా తలా ఒక కొత్త రెండింజన్ల విమానం కొని షెడ్డులో నిలబెట్టుకొని, ఆ వడ్డీని పిల్లల ఫీజులో కలపడం న్యాయం కాదు. నాలుగు సంస్థలు కలిసి ఒక్కటి కొని, రోజంతా ఎగరనిస్తే అందరికీ మేలు. అలా కలవలేనివాళ్లకు చక్కగా సంరక్షించిన పాత విమానమే మంచిది. మీరు చేరబోయే చోట, "మీ రెండింజన్ల విమానం నిరుడు ఎన్ని గంటలు ఎగిరింది? ఎన్ని రోజులు మరమ్మతులో ఉంది?" అని నాన్నగారిచేత అడిగించండి. విమానం కోసం ఆరునెలలు హాస్టలులో ఎదురుచూస్తే అయ్యే ఖర్చు ఏ ఫీజు పట్టికలోనూ ఉండదు.

పై అంకెలతోనే ఒక లెక్క మీకు వదులుతున్నాను: ఏడాదికి సరిగ్గా ఎన్ని గంటలు ఎగిరితే ఆదా, వడ్డీ సమానమవుతాయి?