మెరిసే రేకుల మాటున మంట

పట్టణాల్లో దుకాణాలకు, నర్సింగ్‌హోములకు, ప్రైవేటు కళాశాలలకు ఇప్పుడు సున్నాలు, రంగులు పోయి మెరిసే రేకులు వచ్చాయి. వీటిని ఏసీపీ షీట్లంటారు. చూసినవారు అంతా అల్యూమినియమే అనుకుంటారు. రేకు మందం 3, 4 మిల్లీమీటర్లయితే అందులో పైనా కిందా పలుచని అల్యూమినియం పొరలే. నడుమ ఉన్నది ప్లాస్టిక్.

చౌక రకాల్లో ఈ ప్లాస్టిక్ పాలిథిన్. నిప్పంటుకుంటే కరిగి, మండుతూ బొట్లుబొట్లుగా కారుతుంది. రేకుకూ గోడకూ మధ్య సందు పొగగొట్టంలా మంటను పైకి లాగుతుంది. లండన్‌లో 24 అంతస్తుల గ్రెన్‌ఫెల్ టవర్‌లో 2017 జూన్ 14న ఒక వంటింటి ఫ్రిజ్ వద్ద పుట్టిన మంట ఇలాంటి రేకుల మీదుగానే పైకి పాకింది. 72 మంది చనిపోయారు.

అంత ఎత్తు మేడలు ఇక్కడ లేవు, నిజమే. కాని ఇక్కడ కిటికీల మీద కూడా రేకులు కొట్టేస్తున్నారు. గాలాడక ఫ్యాన్లు చాలకపోవడం అలా ఉంచి, పల్లె నుంచి పురుడుకు వచ్చిన మనిషి పొగలో చిక్కుకుంటే బయటపడేదెలా?

సులువుగా అంటుకోని ఖనిజపు పొడి కలిపిన రకం కూడా దొరుకుతుంది. ధర ఎక్కువ. యజమానులు రంగు చూసి, ధర అడిగి కొంటున్నారే తప్ప లోపలి సరుకేమిటని అడగడం లేదు. అనుమతులిచ్చే అధికారులైనా అడగాలి. ముందుగా ఆసుపత్రులలో, హాస్టళ్లలో మూసిన కిటికీలను తెరిపించాలి.