పిత్తనాళంలో రాయి మాత్రలతో కరుగుతుందా?

పటాన్‌చెరు, బొల్లారం, జిన్నారం, పాశమైలారం... దేశదేశాలకు మందులు పంపే ప్రాంతమిది. వీధికొకరైనా ఫార్మా ఉద్యోగి ఉంటారు. స్కానింగ్‌లో రాయి ఉందని తేలితే ‘ఆపరేషన్ లేకుండా కరిగించే మందు లేదా?’ అని ఇక్కడివాళ్లు అడగడం సహజమే.

మందు ఉంది. దాని పేరు అర్సోడీఆక్సీకోలిక్ యాసిడ్. అది పనిచేసేది పిత్తాశయంలో, అంటే గాల్‌బ్లాడర్‌లో ఉండే చిన్న కొలెస్టరాల్ రాళ్ల మీద. రాయిలో క్యాల్షియం పేరుకోకూడదు, పిత్తాశయం బాగా పనిచేస్తుండాలి. అప్పుడైనా ఆరు నెలల నుంచి రెండేళ్లు వాడాలి. ఆపేశాక అయిదేళ్లలో దాదాపు సగంమందిలో రాళ్లు మళ్లీ వస్తాయి.

పిత్తనాళం సంగతి వేరు. మామూలుగా ఆరు మిల్లీమీటర్లకు మించని గొట్టమది. అందులో రాయి అడ్డుపడితే పసరు వెనక్కి తన్ని కామెర్లు వస్తాయి, చీము పడుతుంది, ఒక్కోసారి క్లోమం వాస్తుంది. నెలల తరబడి మాత్రలు మింగుతూ కూర్చునే వ్యవధి ఉండదు. పైగా దక్షిణాదిలో పిగ్మెంట్ రాళ్ల వాటా ఎక్కువ. వాటిని ఈ మాత్ర కరిగించలేదు.

నేరుగా ద్రావణి పోసి కరిగించే ప్రయత్నాలూ జరిగాయి. 1980ల్లో అమెరికాలో మిథైల్ టెర్ట్ బ్యూటైల్ ఈథర్‌ను సన్నని గొట్టంతో పిత్తాశయంలోకి ఎక్కించారు. మన బల్క్‌డ్రగ్ యూనిట్లలో పనిచేసేవారికి ఈ పేరు కొత్తేమీ కాదు! కొలెస్టరాల్ రాళ్లు గంటల్లో కరిగాయి. కానీ పేగులోకి జారితే మంట, మత్తు. నాళంలోని రాళ్లకు మోనోఆక్టనోయిన్ అనే ద్రవాన్ని రోజుల తరబడి ఎక్కించారు. పూర్తిగా కరిగింది కొద్దిమందిలోనే. రెండూ మూలన పడ్డాయి.

నిలిచింది ఈఆర్‌సీపీ. 1974లో జర్మనీ, జపాన్ వైద్యులు ఎవరికి వారే దీనికి దారి వేశారు. ఎండోస్కోపీ గొట్టాన్ని నోటి ద్వారా చిన్నపేగు దాకా పంపి, నాళం మూతిని కాస్త కోసి, బుట్టలాంటి సన్నని పరికరంతోనో బెలూన్‌తోనో రాయిని పేగులోకి లాగేస్తారు. పొట్ట మీద కోత ఉండదు. ఈ విద్యలో హైదరాబాద్‌కు పేరు తెచ్చిన డాక్టర్ డి. నాగేశ్వర్‌రెడ్డికి 2025లో పద్మవిభూషణ్ ప్రకటించారు. పటాన్‌చెరులో ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కితే గచ్చిబౌలిలోని ఆయన ఆసుపత్రి దూరమేమీ కాదు.

అలాగని ఇది ముప్పే లేని ప్రక్రియ కాదు. కొందరిలో తర్వాత క్లోమం వాస్తుంది. ఆ ముప్పును తగ్గించడానికి మలద్వారంలో పెట్టే డైక్లోఫెనాక్ లేదా ఇండోమెథాసిన్ బిళ్ల చాలు. నాళంలో రాయి చికిత్సలో మందులకు అసలు చోటు ఇలాంటి దగ్గరే. చీము పట్టినప్పుడు యాంటీబయాటిక్స్ కూడా తప్పవు. అయితే వాటినే నమ్ముకుని రాయిని వదిలేస్తే ఇన్ఫెక్షన్ తిరగబెడుతుంది. 2007లో స్వీడన్ పరిశోధకులు పటాన్‌చెరు వ్యర్థజలాల శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉన్నట్టు తేల్చారు. పిత్తనాళ ఇన్ఫెక్షన్లకు వాడే మందుల్లో అదీ ఒకటి. మందులకు లొంగని సూక్ష్మజీవులు పెరుగుతున్న కాలంలో అడ్డు తొలగించడం మరీ ముఖ్యం.

ఎక్కువ నష్టం ఆలస్యంతోనే. కామెర్లనగానే పసరు మందుకు పరుగెత్తే అలవాటు మనకింకా పోలేదు. కుడి డొక్కలో నొప్పి, చలిజ్వరం, పచ్చబడిన కళ్లు... మూడూ కలిస్తే అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. తెల్లగా పాలిపోయిన మలం, ఒళ్లంతా దురద కూడా నాళంలో అడ్డు ఉందనే సూచిస్తాయి. రక్తపరీక్ష, అల్ట్రాసౌండ్‌తో తేలకపోతే ఎంఆర్‌సీపీ స్కాన్ చేస్తారు.

రాయి తీశాక చాలామంది ఊపిరి పీల్చుకుని, గాల్‌బ్లాడర్ ఆపరేషన్‌ను వాయిదా వేస్తారు. అందులో రాళ్లుంటే మళ్లీ నాళంలోకి జారతాయి. వీలైతే అదే అడ్మిషన్‌లో, లేదంటే రెండు వారాల్లో చేయించుకోవడం మేలు. నాళంలో ప్లాస్టిక్ స్టెంట్ పెట్టి పంపితే ఆ తేదీ డిశ్చార్జ్ కాగితంలో ఉందో లేదో చూసుకోండి. సాధారణంగా మూడు నెలల్లోగా దాన్ని తీయడమో మార్చడమో చేయాలి. లేకపోతే స్టెంటే మూసుకుపోయి మళ్లీ కామెర్లు వస్తాయి.